పారాచూట్ నంబరుకి నువ్వులూ నీళ్లూ

2022 జూన్. తెనాలిలో మా ఇంటి ముందుగదే నా ఆఫీసు. ఒక బల్ల, ఒక కంప్యూటర్, పాత కాగితాలు పెద్దవి చేసి చూసుకోవడానికి ఒక వెడల్పాటి స్క్రీన్. ఇరవై ఏళ్లు వైమానిక దళంలో పారాచూట్ సెక్షన్‌లో పనిచేసి బయటికొచ్చాను. పైలట్లు కట్టుకుని ఎక్కే పారాచూట్లను విప్పడం, వేలాడదీసి ఆరబెట్టడం, కుట్టు కుట్టూ చూడడం, మళ్లీ మడిచి సంచిలో కట్టడం మా పని. దాన్ని ప్యాకింగ్ అంటాం. రిటైరయ్యాక ఇంకో పని దొరికింది. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా వైపు పోరాడిన స్క్వాడ్రన్ల చరిత్ర రాస్తున్న పెద్దాయన ఒకరు పుణేలో ఉన్నారు. ఆయన పంపే పాత రికార్డుల స్కాన్ పేజీలు చదివి, టైపు చేసి పంపుతాను. ఆ గొలుసుకట్టు ఇంగ్లీషు రాతా, ఆ పొడి అక్షరాలూ సర్వీసులో ఉన్నవాడికి తప్ప అంత తేలిగ్గా అర్థం కావు.

స్క్వాడ్రన్ రోజూ ఏం చేసిందో రాసే పుస్తకాన్ని ఆపరేషన్స్ రికార్డ్ బుక్ అంటారు. ఎవరు ఏ విమానం ఎక్కారు, ఎన్నింటికి లేచారు, ఎన్నింటికి దిగారు, ఎవరు తిరిగి రాలేదు, అన్నీ అందులో ఉండాలి. యుద్ధంలో రోజూ రాసే తీరిక ఎవరికుంటుంది? చాలాచోట్ల నెలాఖరున ఒక గుమస్తా పెన్సిల్ చీటీలు ముందేసుకుని నెలంతా ఒక్క ఊపులో కొట్టేసేవాడు. అందుకే ఆ పుస్తకాల నిండా వింతలు. ఒక విమానం లేచిన టైము కంటే ముందే దిగినట్టు ఉంటుంది. లేచినప్పుడు ఒక గుమస్తా మన టైమూ, దిగినప్పుడు ఇంకో గుమస్తా లండన్ టైమూ వేసిన ఫలితం. ఒకే శత్రు విమానాన్ని ఇద్దరు కూల్చామంటే చెరి సగం రాస్తారు. సగం విమానం కూల్చిన వీరులు ఆ పేజీల్లో బోలెడుమంది. ఒక స్క్వాడ్రన్ పెంచుకున్న బాతు లారీ కింద పడి చచ్చిపోతే నాలుగు లైన్లు రాశారు. అదే వారం పాము కరిచి చనిపోయిన వంటమనిషికి అర లైను, అదీ పేరు లేకుండా. అది టైపు చేసిన రోజు నాకు అన్నం సయించలేదు.

ఇంకో వింత ఉంది. ఆ పుస్తకాల్లో పారాచూట్ ఎప్పుడూ ఫెయిలవదు. విమానంలోంచి దూకి చనిపోయిన ప్రతివాడూ 'మరీ కిందికొచ్చాక దూకాడు, తెరుచుకునే ఎత్తు లేదు.' నేను టైపు చేసినన్ని పేజీల్లో ఒక్క మినహాయింపు కనబడలేదు. మొదట్లో నిజమే కాబోలనుకున్నాను. అన్నేళ్లు ఆ సెక్షన్‌లో చేసినవాణ్ణి అలా అనుకోకూడదు. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. రాసేవాడికి చదివేవాడు ఇంకా లోకువ.

ఆ జూన్‌లోనే ఒక పొద్దున బాపట్ల నుంచి పాసింజరు బండిలో ఒకావిడ వచ్చారు. డెబ్బై అయిదేళ్లుంటాయి. మోకాళ్లకి బ్యాండేజీ గుడ్డ చుట్టుకుని, గుమ్మం దగ్గర గోడ పట్టుకుని నిలబడ్డారు.

"గాలిదండు కాగితాలు చదివే ఖాదర్ బాషా గారి ఇల్లు ఇదేనా అండి? పింఛను ఆఫీసులో ఒకాయన చెప్పారు."

ఆవిడ పేరు మాణిక్యమ్మ. కూర్చోబెట్టి టీ తాగుతారా అక్కయ్యగారూ అంటే, "పనయ్యాక తాగుతా తమ్ముడూ," అన్నారు. తర్వాత కళ్లు మూసుకుని, బళ్లో పిల్ల ఎక్కం అప్పజెప్పినట్టు అన్నారు. "ఫోర్ టూ నైన్ వన్ సెవెన్."

"ఏంటక్కా అది?"

"నాకొచ్చిన ఇంగ్లీషంతా అదే తమ్ముడూ. అది ఎవరో నువ్వు చెప్పాలి. ఆ మనిషి పేరు కావాలి నాకు."

ఆవిడ చెప్పింది కుదించి రాస్తాను. తండ్రి పేరు సుబ్బయ్య, పేరాలలో నేతపని. యుద్ధం రోజుల్లో నూలు దొరక్క మగ్గాలు ఆగిపోతే ఆయన గాలిదండులో చేరాడు. గుడ్డ తెలిసిన చేతులని పారాచూట్ సెక్షన్‌లో వేశారు. యుద్ధమయ్యాక తిరిగొచ్చి మళ్లీ మగ్గం గుంటలో కాలు పెట్టలేదు. కాపురం బాపట్లకి మార్చి, నూలు మూటలు మోసి బతికాడు. ఇంట్లో ఎవరూ గుడ్డ మడత పెట్టకూడదు. ఎవరైనా మడిచి పెడితే విప్పి, దులిపి, నేలమీద పరిచి, గీతలు చేత్తో సాపుచేసి మళ్లీ తనే మడిచేవాడు.

"మా అమ్మ ఒకసారి నవ్వింది. కొట్టాడు. అంతకు ముందుగానీ ఆ తర్వాతగానీ చెయ్యెత్తింది లేదు తమ్ముడూ. కొట్టి, తనే కూర్చుని ఏడ్చాడు."

ఏటా ఆషాఢ అమావాస్య నాడు ఆయన కూతుర్ని వెంటబెట్టుకుని సూర్యలంక సముద్రానికి వెళ్లేవాడు. నువ్వుల గిన్నె ఆవిడ చేతిలో ఉండేది. మొదట్లో ఒక పంతులుగారిని అడిగితే, పేరూ గోత్రం లేకుండా నంబరుకి తర్పణం ఏంటయ్యా, మతిపోయిందా అన్నారట. అప్పట్నుంచి తనే నీళ్లలో దిగి, ఆ ఇంగ్లీషు నంబరు మూడుసార్లు పలికి నువ్వులూ నీళ్లూ వదిలేవాడు. ఎవరు నాన్నా ఈ నంబరు అని పిల్ల అడిగితే ఒక్కసారే జవాబిచ్చాడు. "నా చేతిలో పోయిన బిడ్డమ్మా. పేరు తెలీదు."

ఆయనకి కొడుకుల్లేరు. ఆయన పోయాక ఈవిడ ఆ పని అందుకున్నారు. ఆడది వదలొచ్చా అని ఎవర్నీ అడగలేదట, అడిగితే వద్దంటారని.

"నాకు మోకాళ్లు పోయాయి. ఇసకలో నడవలేను, ఈ ఏటితో సరి. పిల్లలకి ఇవి పట్టవు, నా తర్వాత చేసేవాళ్లు లేరు. ఆపేసేలోపల ఒక్కసారైనా ఆ పిల్లాణ్ణి పేరుపెట్టి పిలవాలి. ఇన్నేళ్లూ నంబరుతో పిలిచాం తమ్ముడూ, జైల్లో ఖైదీని పిలిచినట్టు. ఇంకోటి. ఆ చావు మా నాన్న చేతుల వల్లేనా? అయితే అయిందని చెప్పు. నాకు మంచిమాటలు అక్కర్లేదు."

అమావాస్యకి నెలన్నర ఉంది.

అది పారాచూట్ సీరియల్ నంబరని నాకు వినగానే తెలిసింది. సంచి మీద అచ్చు వేసి ఉంటుంది. సుబ్బయ్య నాటి ప్యాకర్లు వెనక బేస్‌లో ఉండేవారు, పైలట్లు అడవి అంచున, విమానాలు లేచే ముందు స్ట్రిప్‌లో. కట్టిన పారాచూట్లు లారీలో వెళ్లిపోయేవి. ఏది ఎవరు తీసుకున్నారో కట్టినవాడికి తెలిసేది కాదు. అందుకే ఆయనకి నంబరు తెలుసు, మనిషి తెలియదు.

మా పనిలో ఒక నియమం ఉంది. కట్టినవాడే సంతకం పెట్టాలి. నేను కట్టిన దానితో నేనే దూకడానికి సిద్ధం అని ఆ సంతకానికి అర్థం. ఒకడు మొదలుపెట్టింది మధ్యలో ఆగితే ఇంకొకడు అక్కణ్ణుంచి అందుకోకూడదు. మొత్తం విప్పి మొదటినుంచి మడవాలి. ఈ మాట చెబితే మాణిక్యమ్మగారు తలూపారు. "మగ్గం మీదా అంతే. ఒకళ్లది గట్టి దెబ్బ, ఒకళ్లది మెత్తన. చెయ్యి మారితే గుడ్డే చెబుతుంది."

ఆవిడ తెచ్చిన డిశ్చార్జి కాగితం చూశాను. స్క్వాడ్రన్ నంబరుంది. ఆయన ఆ స్క్వాడ్రన్‌తో ఉన్నది ఒకే ఒక వర్షాకాలం, కాబట్టి ఏ ఏడాదో తేలిపోయింది. కింద సంతకం చోట మాత్రం వేలిముద్ర ఉంది. నాకది వింతగా అనిపించింది. సంతకం రానివాణ్ణి పారాచూట్ ముట్టుకోనివ్వరు.

"మీ నాన్నగారికి రాయడం రాదా అక్కా?"

"రాదు తమ్ముడూ. రేషను కార్డు మీదా వేలిముద్రే. నా పెళ్లి కాగితం మీదా అంతే."

ఆ కాగితం ఫోటో తీసుకుని తిరిగిచ్చాను.

పుణే పెద్దాయన్ని అడిగితే వారంలో ఆ నెల పేజీలు పంపారు. మా వీధిలో పంచాంగం చూసే శాస్త్రిగారు ఆ ఏటి ఆషాఢ అమావాస్య ఇంగ్లీషు తారీఖు ఏదో చెప్పారు. ఆ తారీఖు పేజీ తెరిచాను. ఆ రోజు స్క్వాడ్రన్ రెండు విమానాలు పోగొట్టుకుంది. డి అక్షరం విమానం, కె అక్షరం విమానం. డి పైలట్ 'మరీ కిందికొచ్చాక దూకాడు, తెరుచుకునే ఎత్తు లేదు.' కె పైలట్ కూడా అంతే, అక్షరం పొల్లుపోకుండా, కార్బన్ కాగితం పెట్టినట్టు. ఆ కింద ఆఖరి లైను, వాన వల్ల ఫుట్‌బాల్ ఆట వాయిదా.

రికార్డ్ బుక్‌లో పారాచూట్ నంబర్లు రాయరు. ఇద్దరిలో ఎవరిదో తేలే దారి లేదు. నిజం చెప్పేస్తాను, ఆ సాయంత్రం నాకు దుర్బుద్ధి పుట్టింది. ఇద్దరిలో ఒక పేరు చెప్పేస్తే ఆవిడకి తెలుస్తుందా? చచ్చినవాడు వచ్చి నాది కాదంటాడా? ఫోన్ చేతిలోకి కూడా తీసుకున్నాను. జైల్లో ఖైదీని పిలిచినట్టు అన్న మాట గుర్తొచ్చి కింద పెట్టేశాను. తప్పుడు పేరుతో పిలవడం కంటే ఆ నంబరే నయం.

ఆ నెల పేజీల చివర సెక్షన్లవారీగా మనుషుల జాబితా ఉంది. పారాచూట్ సెక్షన్‌లో ఆరుగురు. అందులో తెలుగువాడు సుబ్బయ్య కాక ఇంకొకడు, మస్తాన్, ఊరు రేపల్లె.

మర్నాడే రేపల్లె రైలెక్కాను. మధ్యాహ్నం జొహర్ నమాజుకి అక్కడి మసీదుకి వెళ్లి, నమాజయ్యాక పెద్దవాళ్లని అడిగాను. యుద్ధానికి వెళ్లొచ్చిన దర్జీ మస్తానా, ఆయన ఎప్పుడో పోయాడు, మనవడు అదే షాపు నడుపుతున్నాడన్నారు. మనవడి పేరు రఫీ, నలభై ఏళ్లుంటాయి. షాపు నిండా బడి యూనిఫాంలు కుప్పలుగా ఉన్నాయి. గోడ మీద తాత ఫోటో, టోపీతో, బిగదీసుకుని నిలబడి. సలాం చెప్పి నేనూ ఆ సెక్షన్ మనిషినే అనగానే రఫీ మిషను ఆపేసి లేచి కుర్చీ తుడిచాడు.

"కూర్చోండి చాచా! తాత ఈ పని అక్కడే నేర్చుకున్నాడంట. బోర్డు మీద రాయించుకుందామని నాన్న అనేవాడు, మిలిటరీ టైలర్ అని. తాత కట్టిన పారాచూట్ ఒక్కటీ ఫెయిల్ కాలేదంట చాచా. ఒక్కటీ. షాపుకొచ్చిన వాళ్లందరికీ చెప్పేవాడంట. ఇప్పుడు నేను చెబుతుంటా."

పాత కాగితాలేమైనా ఉన్నాయా అంటే ఇంట్లోంచి ఒక రేకు పెట్టె తెచ్చాడు. అందులో పొడుగాటి పుస్తకం ఒకటి, అట్ట ఊడిపోయి ఉంది. సగం పేజీలు ఖాళీవి కావడంతో మస్తాన్ పిల్లలు వాటిమీద ఉర్దూ అక్షరాలు అలీఫ్, బే దిద్దుకున్నారు. మిగతా సగం ఏంటో చూడగానే గుర్తుపట్టాను. అది సెక్షన్ కచ్చా రిజిస్టరు. ఏ రోజు ఏ నంబరు పారాచూట్ ఎవరు కట్టారో అప్పటికప్పుడు రాసుకునే పుస్తకం. సెక్షన్ ఎత్తేసినప్పుడు తగలబెట్టాల్సింది, ఖాళీ కాగితాలు పిల్లలకి పనికొస్తాయని ఈయన ఇంటికి తెచ్చుకున్నాడు.

42917 దొరకడానికి పది నిమిషాలు పట్టలేదు. ఆ అమావాస్యకి కొన్ని రోజుల ముందు తారీఖు కింద ఒకే చేతిరాతలో వరసగా ఐదు నంబర్లున్నాయి, అందులో ఇది నాలుగోది. 'కట్టినవారు' అన్న గడిలో ఐదింటికీ ఎం అనే అక్షరం, మస్తాన్. చివర్లో ఎం అక్షరాలు వంకరపోయాయి, పెన్సిల్ జారినట్టు. రిమార్కుల గడిలో సార్జెంటు ఇంగ్లీషులో రాసిన ముక్క, 'జ్వరం, ఆస్పత్రికి పంపాం.' సంతకం గడిలో ఐదింటికీ ఒకే సంతకం. గుండ్రంగా, ముత్యాల్లాంటి తెలుగు అక్షరాలు. సుబ్బయ్య.

42917కి ఎదురుగా, వేరే సిరాతో, సార్జెంటు తర్వాత రాసిన లైను ఇంకోటి ఉంది. 'కె విమానం నుంచి తిరిగి వచ్చింది. తాళ్లు చిక్కుపడ్డాయి. తెరుచుకోలేదు.'

ఏం జరిగిందో నాకు కళ్లకి కట్టినట్టు తెలిసిపోయింది, ఎందుకంటే మా సెక్షన్లలో ఇది కాక ఇంకేం జరుగుతుంది? మలేరియాతో వణుకుతూ మస్తాన్ ఐదు కట్టాడు. సంతకాలు పెట్టకముందే పడిపోయాడు. తెల్లారితే లారీ వస్తుంది, సంతకం లేని పారాచూట్ లారీ ఎక్కదు. ఐదూ విప్పి మళ్లీ కట్టాలి. ఆ వానలో ఆరబెట్టి కట్టడమంటే రెండు రోజుల పని. స్నేహితుడి పని మీద నమ్మకంతో సుబ్బయ్య ఐదు సంతకాలు పెట్టేశాడు. నాలుగు బాగానే ఉన్నాయి.

సర్వీసులో నేనూ ఒకసారి ఇలాగే సంతకం పెట్టాను. పక్కవాడికి ఇంటినుంచి ఫోనొచ్చి పరుగెత్తితే వాడు కట్టినదానికి నేను పెట్టాను. అది ఎవరు కట్టుకెళ్లారో, ఎప్పుడు విప్పారో నాకు తెలియదు. ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడంలో నా గొప్ప ఏముంది? సుబ్బయ్యకీ నాకూ తేడా అదృష్టం ఒక్కటే, అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గు.

"ఏముంది చాచా అందులో? తాత పేరుందా?" రఫీ నా భుజం మీంచి తొంగిచూశాడు. ఆ పాత రాత అతనికి అర్థం కాదు. మస్తాన్‌కి కూడా అర్థమై ఉండదు. అంకెలూ, తన పొడి అక్షరమూ తప్ప ఇంగ్లీషు రానివాడని సెక్షన్ జాబితాలోనే రాసి ఉంది. అదే రిజిస్టరు ప్రకారం, ఆస్పత్రి నుంచి ఆయన్ని అటే వేరే బేస్‌కి పంపారు, సెక్షన్ ఎత్తేసే ముందు గాని తిరిగి రాలేదు. తన పారాచూట్ ఏం చేసిందో చెప్పే కాగితాన్ని జీవితాంతం తన పెట్టెలోనే పెట్టుకుని, ఒక్కటీ ఫెయిల్ కాలేదని చెప్పుకుంటూ పోయాడు.

"ఉంది. చాలాచోట్ల ఉంది," అన్నాను.

"చూశారా!" అని వాడు ఎంత సంబరపడ్డాడో. టీ తెప్పించాడు. తాగాను. అనుమతి అడిగి ఆ పేజీ ఫోన్‌లో ఫోటో తీసుకుని, పుస్తకం జాగ్రత్తగా పెట్టెలో పెట్టించి వచ్చేశాను.

అమావాస్యకి రెండు రోజుల ముందు బాపట్ల వెళ్లాను. చిన్న పెంకుటిల్లు. దండెం మీద చీరలన్నీ అంచుకి అంచు కలిపి మడిచి ఉన్నాయి, ఒక్క ముడత లేదు. రికార్డ్ బుక్‌లో కె విమానం ఎదురుగా ఉన్న పేరూ, పుణే పెద్దాయన వెతికి చెప్పిన వయసూ ముందు చెప్పాను.

"దినకర్. మరాఠీ అబ్బాయి. ఇరవై రెండేళ్లు. కె అనే విమానం నడిపాడు."

"దినకర్," అన్నారావిడ. మళ్లీ మళ్లీ అనుకున్నారు, నోరు అలవాటు చేసుకుంటున్నట్టు. "ఇరవై రెండేళ్లేనా? మా మనవడికంటే చిన్న."

తర్వాత రికార్డ్ బుక్‌లో ఉన్న వాక్యం చదివి వినిపించాను. మరీ కిందికొచ్చాక దూకాడు, తెరుచుకునే ఎత్తు లేదు.

"అంటే ఎవరి తప్పూ కాదనా?"

"అలా రాశారక్కా."

"నువ్వు నమ్ముతున్నావా?"

అప్పుడు నేను అవునంటే ఆవిడ నమ్మేవారు. నా పనీ అయిపోయేది. ఆవిడ నా మొహంలోకే చూస్తున్నారు.

"లేదక్కా," అన్నాను. ఫోటో తీసి రిజిస్టరులో ఉన్నదంతా లైను లైనుకీ వేలుపెట్టి చదివాను. కట్టింది వేరే ఆయన, జ్వరంతో పడిపోయాడు, మీ నాన్నగారు విప్పి చూడకుండా సంతకం పెట్టారు, విప్పి మళ్లీ కట్టాల్సింది, కట్టలేదు. మంచిమాటలు అక్కర్లేదన్నారు కాబట్టి దేనికీ చక్కెర పూయలేదు.

"కట్టినాయన పేరేంటి?"

"మస్తాన్ అని, రేపల్లె ఆయన."

బయట ఎవరో చేపలమ్మే మనిషి కేక వేసుకుంటూ వెళ్లిపోయింది.

"మస్తాన్ చిన్నాన్న," అన్నారు చివరికి. "ఏడాదికోసారి వచ్చేవాడు తమ్ముడూ. నా పెళ్లి జాకెట్టు ఆయనే కుట్టాడు, కూలి తీసుకోలేదు. ఆయనొస్తే నాన్న పొద్దున్నే గడ్డం గీయించుకుని కూర్చునేవాడు. మా ఇంట్లో నాన్న నవ్విన మొహం చూసిందంటే ఆ ఒక్కరోజే. మగ్గం ఎందుకు మానేశావురా సుబ్బయ్యా అని ఆయన అడిగేవాడు. నడుం నొప్పిరా అనేవాడు నాన్న."

"మస్తాన్ గారికి తెలిసి ఉండదక్కా."

"తెలిస్తే మా గుమ్మం తొక్కగలడా?" కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు. "మనవడున్నాడన్నావే, ఆ దర్జీ పిల్లాడికి చెప్పావా?"

"లేదు. దాచడం తప్పేమోనని నిద్రపట్టడం లేదు."

"చెప్పకు. నాన్న కట్టుకున్న పెళ్లానికి చెప్పలేదు, కన్నకూతురికి చెప్పలేదు. ఎదురుగా కూర్చుని అన్నం తిన్నవాడికే చెప్పలేదు. అంత కష్టపడి మింగినదాన్ని మనం కక్కితే ఎలా?"

తర్వాత ఆవిడ చెయ్యి చాపారు. "సంతకమన్నావు. ఎవరిది?"

"మీ నాన్నగారిదే."

"మా నాన్నకి రాయడం రాదని చెప్పానుగా."

ఫోటో పెద్దది చేసి చేతికిచ్చాను. ఆవిడకి తెలుగు చదవడం వచ్చు. సుబ్బయ్య, సుబ్బయ్య, సుబ్బయ్య, ఐదుసార్లు. అద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. అప్పుడు ఆవిడ ఏడ్చిన ఏడుపు నేను చావు ఇళ్లలో కూడా వినలేదు.

"ఇంత అందంగా రాసేవాడా తమ్ముడూ? అక్షరం రానివాడని మా అమ్మవాళ్లు ఎగతాళి చేసేవాళ్లు. పోస్టుమాను ముందు వేలికి సిరా పూసుకుంటుంటే నేనే సిగ్గుపడి లోపలికి పోయేదాన్ని. అక్షరం వచ్చా? అన్నేళ్లూ వచ్చా?"

ఆ అమావాస్య తర్వాత ఆయన మళ్లీ సంతకం పెట్టలేదు. డిశ్చార్జి కాగితం మీద వేలిముద్ర చూసినప్పుడే నాకు అర్థమై ఉండాల్సింది. తండ్రి చేతిరాత అంటూ ఆవిడకి ఈ లోకంలో మిగిలింది ఆ ఐదు గళ్లే, అందులోనే ఆయన తప్పూ ఉంది. ఆ ఫోటో అచ్చు తీయించి ఇవ్వనా అంటే వద్దన్నారు. కాసేపటికి, "ఇయ్యి," అన్నారు.

అమావాస్య పొద్దున ఆటోలో సూర్యలంక వెళ్లాం. వాన తుంపరగా పడుతోంది. నేను చెయ్యి పట్టుకుంటే ఇసకలో అడుగడుగుకీ ఆగుతూ నీళ్ల దాకా వచ్చారు. నువ్వులు చేతిలో పోసుకుని, "గోత్రం తెలీదు నాయనా దినకరా. పేరు తెలిసింది," అని వదిలారు. మూడుసార్లు వదిలి, అలవాటు కొద్దీ నంబరు కూడా పలికారు. తర్వాత తండ్రి పేరు చెప్పి వదిలారు. గిన్నెలో ఇంకా నువ్వులున్నాయి. నా వైపు తిరిగారు.

"మస్తాన్ చిన్నాన్నకి మీవాళ్లు ఏం చేస్తారు?"

"ఫాతిహా చదువుతాం అక్కా."

"చదువు మరి. వాళ్లిద్దరూ ఎప్పుడూ ఒకేచోట కూర్చుని తినేవాళ్లు."

ప్యాంటు మోకాళ్ల దాకా తడిసి, ఆ నీళ్లలో నిలబడే చదివాను. రఫీ తాత కోసం చదివాను, సుబ్బయ్య కోసం, దినకర్ కోసం. నేను సంతకం పెట్టిన ఆ ఒక్క పారాచూట్ కట్టుకెళ్లిన మనిషి ఎవరైతే వాళ్ల కోసం కూడా చదివాను.

మాణిక్యమ్మగారు ఆ తర్వాతి ఏడాది వేసవిలో పోయారు. పుణే పెద్దాయనకి ఆ పేజీ ఉన్నది ఉన్నట్టే టైపు చేసి పంపాను. కింద నా గమనిక ఒకటి చేర్చాను, కె విమానం పైలట్ పారాచూట్ తెరుచుకోలేదని సెక్షన్ రిజిస్టరులో ఉంది, రికార్డ్ బుక్ చెప్పింది సరికాదు అని. కట్టినవారి పేరు రాయలేదు, సంతకం పెట్టినవారి పేరూ రాయలేదు. మరీ కిందికొచ్చాక దూకాడు అన్న వాక్యం ఇప్పటికీ నెలకి రెండు మూడుసార్లు నా వేళ్ల కిందికొస్తుంది. టైపు చేస్తాను. చేసినప్పుడల్లా ఎక్కడో ఒక ఇంట్లో ఎవడో గుడ్డలు విప్పి మళ్లీ మడుస్తూ ఉండి ఉంటాడని తెలుస్తుంది.

ఈ రాతలో పుస్తకంలోని అసలు పేర్లు ఒక్కటీ వాడలేదు. రేపల్లెలో ఆ షాపు ఉన్న వీధి కూడా చెప్పలేదు.

నేను పంపే పేజీల చివర 'సరిచూసినవారు' అని ఒక గడి ఉంటుంది. ఇదివరకు ఇరవై పేజీలకి ఒకేసారి, టీవీ చూస్తూ పెట్టేసేవాణ్ణి. ఇప్పుడు ఒక్కో పేజీ మొదటినుంచి చదివి, ఒక్కో సంతకం పెడుతున్నాను. పెద్దాయన ఈమధ్య ఫోన్ చేసి, "ఏంటి ఖాదర్, పని మందగించింది, వయసు మీదపడిందా?" అని నవ్వారు. అవునండి అన్నాను.